మైమూనా చేతి నూల్‌కోల్

కోరుట్ల అంగడిల గంగారాం నోరు మూయించిన మనిషి ఎవరన్నా ఉన్నదంటే అది మైమూనా బీ ఒక్కతే. పొరుగింటి రాజక్క పక్కనే నిలబడి కండ్లార చూసింది. అందుకే ఎవరన్నా అడిగితే చెప్తది, అడగకున్నా చెప్తది.

గంగారాం మల్యాల దిక్కు మనిషి. ఆటోల కూరగాయలు ఏసుకొని అందరికన్నా ముందు వచ్చి, అంగడి మొగదల్లనే కుప్పలు పోస్తడు. మాట తియ్యగ, తూకం తేలికగ. ఒక చలికాలం నూల్‌కోల్ గడ్డలు తెచ్చిండు. నీళ్లు చల్లి, తుడిచి, ఒక్కొక్క గడ్డను కొండగట్టు మీద గుండు చేయించుకున్నోని తలకాయ లెక్క నున్నగ మెరిపిచ్చి పెట్టిండు. ఆకు మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు.

మైమూనా ఒక గడ్డ చేతిలకు తీసుకొని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"దీని ఆకేది?"

"ఆకెందుకమ్మా, పారేసేదే గదా! మోసుకపోనీకి నీకు బరువని నేనే కోసిన."

"నా బరువు సంగతి నీకెందుకు? ఆకేదని అడుగుతున్న."

"మేకలకేసిన."

"ఎప్పుడేసినవ్?"

"గిప్పుడే, పొద్దుగాల."

"పొద్దుగాల కోస్తే తొడిమె తెగిన కాడ తడి ఉంటది. గిది ఎండి చెక్కయింది. ఆకు వాడి పసుపుపచ్చ అయింది, అది మాకు కనబడొద్దని కోసి పడేసినవ్. ముసలిదాని చేతులకు గోరింట పెట్టి పెండ్లిపిల్లను తెచ్చిన అంటున్నవ్."

చుట్టు ఉన్న ఆడోళ్లు కిసకిస నవ్విండ్రు. గంగారాంకు రోషం వచ్చింది. "తీసుకుంటే తీసుకో, లేకుంటే తొవ్వ పట్టు. ఇంత మందిల నీ ఒక్కదానికే కావల్నా ఆకు?"

మైమూనా కోపానికి రాలే. అక్కడనే ఉన్న అతని కత్తి అందుకొని గడ్డను నడుమకు కోసింది. లోపల తెల్లగ, పొక్క పొక్క, నోట్ల పెడితే నీళ్లు రాని బెండు. దాన్ని అందరికి కనబడేటట్టు ఎత్తి పట్టింది.

"మా ఆయన పరుపులు కుట్టే దుకాణంల గిట్లాంటిదాన్నే మెత్తలల్ల నింపుతడు. నువ్వు కూరగాయలల్ల ఎందుకు కూసున్నవ్ గంగారాం? ఆయన పక్కన దుకాణం పెట్టరాదు?"

సంచులల్ల ఏసుకున్న గడ్డలు ఒక్కొక్కరే తీసి మళ్ల కుప్పల పెట్టిండ్రు. గంగారాం తెల్లమొఖం ఏసి, తువ్వాల దులిపి మల్ల భుజం మీద ఏసుకున్నడు. మరుసటి వారం అంగడికి పోతే ఏమున్నది? నూల్‌కోల్ గడ్డలకు చెవుల లెక్క ఆకులు నిక్కపొడుచుకొని ఉన్నయి. గంగారాం ఒర్రుతున్నడు: "ఆకుతోని! పచ్చి ఆకుతోని!" మైమూనాను చూసి మొఖం తిప్పుకున్నడు గని, లేత గడ్డలు ఏరి పక్కకు పెట్టింది ఎవరికోసమో రాజక్కకు తెలువదా?

గది మైమూనా. చాంద్ పాషా పెండ్లాం. చాంద్ పాషా పరుపులు, మెత్తలు కుట్టేటోడు, నెమ్మది మనిషి, ఏది పెడితే అది తిని చెయ్యి కడుక్కుంటడు. ఒక్కడే కొడుకు ఆమిర్, బస్టాండు కాడ ఫోన్లు బాగుచేసే దుకాణం. వాళ్లింటికి రాజక్క ఇంటికి నడుమ ఒక్కటే గోడ. గోడకు పైన రెండు ఇటుకలు ఊడిపోయి ఎన్నేండ్లయిందో, ఇద్దరిలో ఎవరు పెట్టించలే. పెట్టిస్తే గిన్నెలు ఎట్ల అందిచ్చుకోవాలె?

సిరిసిల్లల బట్ట నేసే సాంచెల సప్పుడుల పుట్టి పెరిగిన పిల్ల మైమూనా. కోడలై కోరుట్లకు వచ్చేదాక నూల్‌కోల్ మొఖం చూడలే. గడ్డ అంటరు గని అది మన్నుల దాసుకోదు, మన్ను మీదనే బొద్దుగ కూసుంటది. అత్తగారింటి పెరట్ల బోళ్లు తోమిన నీళ్లు పోయే కాడ వరుసగ కాసేటియి. పెండ్లయిన మొదటి చలికాలం అత్త ఒక చాటెడు ముందల కుమ్మరిచ్చి, "వండు" అని బజారుకు పోయింది. ఎట్ల వండాలెనో చెప్పలే. కొత్త కోడలు అడగలే. ఆలుగడ్డకు తీసినట్టు పైన పైన తోలు గీకి, ముక్కలు కోసి, మసాలలు దండిగేసి వండిపెట్టింది. ఆకంతా తెంపి మేకకేసింది.

తినేటప్పుడు సూడాలె ఆ ఇంట్ల. ఒక్కరు మింగుతలేరు. నమిలినకొద్ది పీసు. అత్త పండ్లనడుమకెళ్లి ఒక నార గుంజి, దీపం దిక్కు పట్టి, అందరికి చూపిచ్చింది.

"సిరిసిల్ల బిడ్డ గదా! కూరల సుత పోగులు తీసి పెట్టింది. నేసుకుంటే పండుగకు అందరికి బట్టలైతయి."

ఇంటిల్లిపాది నవ్విండ్రు. ఇంకో పిల్లయితే అర్రల తలుపేసుకొని ఏడ్చు. మైమూనా ఏడువలే. తెల్లారి మళ్ల నూల్‌కోలే వండింది. దాని తెల్లారి మళ్ల వండింది. తోలు కింది నుంచి తీసి చూసింది, మీది నుంచి తీసి చూసింది. ఇంట్లోళ్లు తిన్నరా లేదా అని చూడలే, పండ్లల్ల ఎవరు పుల్ల పెట్టుకుంటున్నరో అది చూసింది. ఆఖరికి అత్తనే చేతులు జోడిచ్చి, "బందు చెయ్యి తల్లీ, ఇగ నేనేమన" అన్నదట. అయినా బందు చేయలే, ఎవ్వని పండ్లల్ల నార పడకుంటయ్యేదాక. ఆ అత్తే ముసల్దై మంచాన పడ్డంక, వేరే కూర ముందట పెడితే మొఖం తిప్పి, కోడలి నూల్‌కోల్ కోసం ఎదురుచూసింది. ఈ ముచ్చట చెప్పేటప్పుడు మైమూనా మెడ జానెడు పొడుగైతది. ఎందుకు కావద్దు? సంపాయించుకున్నది మరి.

ఇప్పుడు ఆమె నూల్‌కోల్ కోస్తుంటే చూస్తే వేరే పని చేయబుద్ధి కాదు. కత్తిపీట ముందల కూసుంటది. గడ్డను తలకిందులు చేసి, వేరు దిక్కు మందంగ ఒక బిళ్ల తీసి అవతల పడేస్తది. నార పుట్టేది అక్కడనే. ఇగ చాకు మొన అడుగుకెళ్లి తోలు కిందికి దూర్చి పైకి గుంజుతది. తోలు, దాని కిందున్న నార రెండు కలిసి పట్టీలు పట్టీలు ఊడి వస్తయి, చిక్కుడుకాయ తొడిమె పట్టి ఈనె గుంజినట్టు. లోపల గడ్డ లేతకొబ్బరి లెక్క తెల్లగ తేలుతది. చాకు ఎక్కడన్న పట్టుకున్నదా, ఆ ముక్క మేకకే. ఆకుల నడుమ ఈనె చీరి, లేత ఆకును పెసరపప్పుల ఏసి ఎల్లిపాయ తిరగవాత పెడితే అది రాజక్క పాలు. మాంసంల ఏసే గడ్డ వేరే తీరు. చందమామ తునకల లెక్క పెద్దగ కోసి, ముందుగాల నూనెల అంచులెర్రగ ఏంచి, ఉప్పు పసుపు ఏసి, మూత పెట్టి, దాని నీళ్లల్లనే దాన్ని మగ్గనియ్యాలె. మాంసం వేరే గంజుల ఉడకాలె. రెండు సగం సగం అయినంకనే ఒక్కటి చేయాలె. ముందే కలిపితే గడ్డ మాంసంల కరిగి ఆనవాలు లేకుంటపోతది అంటది.

"మొగడు పెండ్లాల లెక్కనే రాజక్క. ఎవరి ఉప్పు వాళ్లకు పట్టినంకనే కలపాలె."

నూల్‌కోల్‌కు ఉప్పు కొలత లేదు, అదే దాని పేచీ. ఒక గడ్డ తియ్యగుంటది, ఒకటి ముక్కుకు ఘాటెక్కుతది, ఒకటి గంజెడు నీళ్లిడుస్తది. బెండకాయకు, వంకాయకు అలవాటు చెయ్యి చాలు. దీనికి నాలుక కావాలె. ఒక ముక్క నోట్లేసుకొని, కండ్లు మూసి, అప్పుడు ఉప్పు డబ్బాల చెయ్యి పెట్టాలె.

మొన్న దసరా ఎల్లినంక మైమూనాకు జరం వచ్చింది. తగ్గింది, లేచింది, పొయ్యి ముందటికి వచ్చింది. అంతా మంచిగనే ఉన్నది అనుకున్నరు. ఒకనాడు రాజక్క తన ఇంట్ల బియ్యం ఏరుకుంటుంటే గోడ మీదికెళ్లి మాడు వాసన గుప్పుమన్నది.

"ఓ మైమూనా! యాడవోయినవే? ఉల్లిగడ్డ మాడుతున్నది!" అని ఒర్రుకుంట ఇటుకలు ఊడిన కాడికి ఉరికి తొంగి చూసింది.

మైమూనా ఎక్కడికీ పోలే. పొయ్యి ముందట్నే నిలబడి ఉన్నది. గంజుల పొగలేస్తున్నది, ఆమె పక్కకు తిరిగి కొత్తిమీర తెంపుతున్నది. రాజక్క ఒర్రినంకనే ఉలిక్కిపడి మంట తగ్గించింది.

"పడిశం పట్టింది అక్కా" అన్నది, ఇటు చూడకుంట.

పడిశం అయితే ముక్కు కారాలె, గొంతు మారాలె. ఏదీ లేదు. రాజక్కకు అనుమానం పుట్టిందంటే అది తేలేదాక బువ్వ సయించదు. తెల్లారి మైమూనాను ఇంటికి పిలిచి చాయ్ పెట్టింది. చక్కెర ఏసేకాడ ఉప్పేసి, కలిపి, గిలాస చేతికిచ్చింది. మైమూనా ఊదుకుంట ఊదుకుంట కడుపుల పోసుకున్నది, చుక్క మిగల్చలే.

"జెర చక్కెర ఎక్కువేసినవ్ అక్కా. మా ఆయనకు షుగర్ ఉన్నదని ఇంట్ల చప్పగనే తాగుతం. నాకు అలవాటు తప్పింది."

రాజక్క గిలాస తీసుకపోయి కడిగి బోర్లించింది.

ఎవరికి చెప్పలే. మొగనికీ చెప్పలే. ఆమె మొగడు వెంకటికి చెప్తే టీవీకి చెప్పినట్టే, చెవికెక్కదు. ఎందుకు చెప్పలేదంటే, మైమూనా ఇంట్ల ఇప్పుడు కోడలున్నది. హుమేరా. జగిత్యాల పిల్ల, పోయిన ఎండకాలం పెండ్లయి వచ్చింది. చెడ్డపిల్లయితే బాధ లేకపోవు. మంచిది. పొద్దస్తమానం "అమ్మీ, మీరు కూసోండ్రి, నేను చేస్త", "అమ్మీ, ఆ గంటె ఇటియ్యండ్రి, మీకు మోకాళ్ల నొప్పి గదా" అంటది. ఆమిర్ సుత గదే పాట: "అమ్మీ, ఇగ ఆరాం తీసుకో. ఎంతకాలం చేస్తవ్?" ఇన్నేండ్ల సంది ఆ గంటె కోసం ఎవరన్నా కొట్లాటకు వస్తే మైమూనా గెలిచేది. ప్రేమతోని అడిగేటోళ్లతోని ఎట్ల కొట్లాడాలె? నాలుక పోయిందని ఒక్కసారి ఎరుకైందా, ఇగ చెయ్యి పట్టుకొని నెమ్మదిగ తీసుకపోయి మంచం మీద కూసోబెడ్తరు. పొయ్యి దిక్కు మళ్ల రానియ్యరు. మైమూనాకు గది మంచం కాదు, జేలు.

అందుకే అలవాటు చేతితోని నెట్టుకొచ్చింది. మూడు వేళ్ల ఉప్పు పప్పుకు, ఐదు వేళ్లది పులుసుకు, బియ్యం ఉడికింది చేతితోని పట్టి చూసుడు. మాడకుంట పొయ్యి మీది నుంచి కండ్లు తీయకపోయేది. ఈ చలికాలం నూల్‌కోల్ మాత్రం ఇంటికి తేలే. గంగారాం ముందటికెళ్లే పోయేటప్పుడు నడక ఉరుకైతుండె. "ఏంది బీ, ఆకు మీద ఆకు ఉన్నది, కోపమా?" అని వాడే పిలిచిండు.

అగో, గసుంటప్పుడు జగిత్యాలకెళ్లి ఫోన్ వచ్చింది. హుమేరా తండ్రి. పెండ్లి మాటలకు వచ్చినప్పుడు ఈ ఇంట్ల మాంసమేసి వండిన నూల్‌కోల్ గోష్ తిన్నడు. అప్పటిసంది దాన్నే తలుచుకుంటున్నడట. "శనారం నాకు సెలవు. మేం వస్తున్నం. వేరే ఏం చేయొద్దు. నూల్‌కోల్ చాలు. వియ్యపురాలి చేతితోని" అన్నడు. ఫోన్ పెద్దగ పెట్టి ఉన్నది, ఇంటిల్లిపాది విన్నరు. హుమేరా మురిసి చప్పట్లు కొట్టింది. మైమూనా, "రానియ్యి. వాళ్లకు వండకుంటే ఎవరికి వండుత?" అన్నది. గోడ ఇవుతల ఉన్న రాజక్క మాత్రం శనారానికి ఎన్ని దినాలున్నయో వేళ్ల మీద లెక్కపెట్టింది.

శనారం పొద్దుగాలనే రాజక్క స్నానం చేసి, అంజన్నకు దండం పెట్టుకొని, పిలువకున్నా వాళ్లింటికి పోయింది. శనారం, మంగళారం ఆమె నీసు ముట్టది. గది అందరికెరుకే.

"ఏంది అక్కా, నీసు వండే ఇంటికి శనారం వచ్చినవ్?" అన్నది మైమూనా.

"ఆకుకూర వండుతవ్ గదా, దాని కోసం వచ్చిన. ఎందుకు, కూసోనియ్యవా? కుర్చీ లేదా మీ ఇంట్ల?"

కూసున్నది. కత్తిపీట పనిల మైమూనాకు ఏ తేడా లేదు. బిళ్ల తీసుడు, పట్టీ గుంజుడు, ఈనె చీరుడు. చేతులకు నాలుకతోని పనేమున్నది? గడ్డ చాకు కింద కర్రుకర్రుమంటుంటే ఆమె మొఖంల పాత వెలుగు వచ్చింది. మాంసం గంజుల అల్లమెల్లిగడ్డ, పెరుగు, ఉప్పు కొలతతోనే పడ్డయి. నూల్‌కోల్ తునకలు నూనెల అంచులెర్రగ తిరిగినయి. పసుపేసింది. గప్పుడే ఆకిట్ల ఆటో ఆగింది. వియ్యపురాలు, హుమేరా తల్లి, చెప్పులిడిసి సీదా వంటింట్లకే వచ్చింది. మంచి మనిషి, మాటల పుట్ట. జగిత్యాల నుంచి ఇక్కడిదాక తొవ్వ ఎట్లున్నది, బస్సు ఎందుకు ఎక్కలే, చలి ఎంతున్నది అన్ని చెప్తనే ఉన్నది. వాళ్లు ఉర్దూల మాట్లాడుకుంటరు. రాజక్కకు అంతా సమజైతది, జవాబు మాత్రం తెలుగుల ఇస్తది.

మైమూనా నవ్వుకుంట జవాబులిచ్చుకుంట గంటె తిప్పింది. మూత పెట్టింది. మూత తీసింది. చెయ్యి ఉప్పు డబ్బా దిక్కు పోయింది. పోయి, నడుమ ఆగింది.

రాజక్క చూసింది. ఆ చెయ్యి గాలిల అట్లనే నిలబడ్డది. ఉప్పు ఏసిందా, ఏయలేదా? ముచ్చట్లల్ల ఆమెకు యాదికి లేదు. ఇంకో కాలమైతే ఒక ముక్క నోట్లేసుకుంటే తేలిపోతుండె. ఇప్పుడు నోట్లేసుకున్నా ఏసుకోకున్నా ఒక్కటే.

హుమేరా సుత చూసింది. మెరికె గదా. "అమ్మీ, ఏమైంది? నేను రుచి చూడనా?" అని చెంచ తీసుకొని ముందటికి వచ్చింది. ఆ పిల్ల తల్లి సుత మాటలాపి ఇటు తిరిగింది. మైమూనా వద్దంటే ఎందుకు వద్దని అడుగుతరు. సరేనంటే, చప్పగుంటే ఒక మాట, ఉప్పైతే ఒక మాట, ఇయ్యాళ్టితోని గంటె చేతులు మారుతది.

రాజక్క లేచింది. కుర్చీ ఎనుకకు పడ్డది.

"ఏయ్ పిల్లా! పెద్దదాన్ని నేనిక్కడ కూసుంటే నువ్వు చెంచ పట్టుకుంటవా? మీ జగిత్యాలల గిదే నేర్పిండ్రా?"

"అది కాదు పెద్దమ్మా, ఇయ్యాల శనారం గదా మీకు... మాంసం..."

"కండ్లు లేవా? మాంసం ఆ గంజుల ఉన్నది, గడ్డ ఈ గంజుల ఉన్నది. రెండిటికి ఇంకా లగ్గం కాలే. అంజన్నకు లేని బాధ నీకెందుకు? ఇటియ్యి."

చెంచ గుంజుకున్నది. ఒక తునక ఊదుకొని నోట్లేసుకున్నది. మెత్తగ, తియ్యగ, నార అన్నది లేదు, నోట్ల అట్లనే కరిగింది. ఉప్పు? పలుకు లేదు.

ఇగ ఏమనాలె? "ఉప్పు లేదు" అంటే అయిపాయె. రాజక్క నమిలింది, మింగింది, మూతి తుడుచుకున్నది.

"ఏం చెప్పాలె వియ్యపురాలా! ఇది నోట్లేసుకుంటే నాకు మా ముసలోడే యాదికొస్తున్నడు. చూడనీకి ఎర్రగ బుర్రగ మంచిగనే ఉంటడు. మాట్లాడిచ్చి చూడు, చప్పిడి! పొద్దంత టీవీ ముంగట కూసుంటడు, ఒక్క మాటల ఉప్పుండదు, కారముండదు. నా బతుకంతా ఆ చప్పిడి మనిషితోనే ఎల్లిపాయె."

వియ్యపురాలు పడి పడి నవ్వింది. "అందరి మొగోళ్లు గంతే అక్కా!" అన్నది. హుమేరా నోటికి చున్ని అడ్డం పెట్టుకొని నవ్వింది. వాళ్లు నవ్వుతుంటే మైమూనా చెయ్యి నడుమ ఆగిన కాడికెళ్లి కదిలింది. డబ్బాల పోయింది, గంజు మీదికి వచ్చింది, దులిపింది. తల ఎత్తకుంటనే రాజక్క దిక్కు ఒక చూపు చూసింది. రాజక్క ఇంకో తునక తీసుకున్నది.

"ఆ... ఇంకింత పెద్దగ నవ్వుండ్రి, వానికి వినబడాలె. ఇప్పటికీ గదే చప్పిడి, వాడు మారడు!"

మైమూనా ఇంకో చిటికెడు ఏసింది. రాజక్క మూడో తునక నోట్లేసుకొని సప్పుడు చేయకుంట పోయి, పడ్డ కుర్చీని లేపి కూసున్నది.

అటెన్క రెండు గంజులు ఒక్కటైనయి. ఆకు తుంపి పైన ఏసి, మంట తగ్గిచ్చి మూత పెట్టింది. దస్తర్‌ఖాన్ బట్ట పరిచి అందరు కూసుంటే మైమూనా ఎవరిని ముట్టనియ్యలే, తనే వడ్డించింది. వియ్యంకుడు మొదటి బుక్కకే కండ్లు మూసుకున్నడు. రెండోసారి పెట్టించుకున్నడు, మూడోసారి అడగనీకి సిగ్గుపడి గిన్నె దిక్కు చూసిండు, చాంద్ పాషా సమజు చేసుకొని ఆయన తలెల ఏసిండు. "బీబీ, మా జగిత్యాలల ఎంతమంది పకానేవాలా వంటోళ్లు ఉన్నరో, ఒక్కనికి గీ చెయ్యి లేదు" అన్నడు. మైమూనా వంకరగ నవ్వి, "నూల్‌కోల్ నేను చెప్పినట్టు ఇంటది" అన్నది. ఆ మాట అనేటప్పుడు నడుం సీదాగ అయింది. ఆకుకూరతోని ఒక మూలకు కూసొని తింటున్న రాజక్కకు సుత ఎందుకో నడుం సీదాగ అయింది.

"ఉప్పెంత ఏస్తవ్ అక్కా? నేను ఏస్తే ఒక్కనాడు కుదరదు" అని వియ్యపురాలు అడిగింది.

"చెయ్యి చెప్తది" అన్నది మైమూనా, మొఖంల ఏమీ కనబడనియ్యకుంట.

రాజక్కకు బువ్వ గొంతుల అడ్డం పడ్డది. హుమేరా ఉరికి నీళ్లు తెచ్చింది.

తెల్లారి ఐతారం. ఆమిర్, హుమేరా చుట్టాలను సాగనంపుకుంట వాళ్లెంట జగిత్యాల పోయిండ్రు. చాంద్ పాషా దుకాణంల ఉన్నడు. గోడ అవుతల గాజుల సప్పుడైంది. ఇటుకలు ఊడిన కాడ మైమూనా మొఖం కనబడ్డది. శుక్రియా చెప్పనీకి వచ్చింది అనుకున్నది రాజక్క. అసుంటి ముచ్చట్లు మైమూనాకు రావు.

"ఆనాడు చాయ్‌ల ఏం కలిపినవ్?" అన్నది.

"ఏం కలుపుత? చాయ్‌పత్తి కలిపిన."

"నా నాలుక చెప్పలే. నీ మొఖం చెప్పింది. నేను తాగుడు అయిపోయేదాక రెప్ప కొట్టకుంట చూసినవ్. ఉప్పా?"

"ఉప్పే."

"ఎంతేసినవ్?"

"మస్తేసిన."

మైమూనా ఇటుక మీద చెయ్యి పెట్టి నవ్వింది. నవ్వుకుంటనే కండ్లు తుడుచుకున్నది. జరం తోని పోయిందట. వాసన పోయింది, ఎన్కనే రుచి పోయింది. మెట్‌పల్లిల ఒక డాక్టర్‌కు చూపెట్టుకున్నదట, మోకాళ్లకని చెప్పి పోయి. వస్తే రావచ్చు, రాకపోతే లేదు అన్నడట. ఇంట్ల ఎవరికీ తెలువదు.

"తెలువనియ్య" అన్నది. "నేను కూసుండ అక్కా. నన్ను కూసోబెడితే నేను బతక."

"నిన్నెవరు కూసోమన్నరే? నేనన్ననా?"

"నువ్వు అనవు గనికెనే చెప్తున్న. ఇను." మైమూనా గోడ మీదికి ఇంకింత వంగింది. ఇప్పుడు ఆ గొంతు బతిమాలేటోళ్ల గొంతు కాదు, పని అప్పజెప్పేటోళ్ల గొంతు. "రేపటిసంది పగటి వంట కాంగనే గంటెతోని గంజు మీద కొడ్త. నువ్వు ఏ పనిల ఉన్నా గోడ కాడికి రావాలె. చిన్న గిన్నెల కూర ఇస్త. మంగళారం, శనారం మా ఇంట్ల నీసు వండనే వండ, ఎందుకని అడిగితే ధర పిరమైందని చెప్త. తిని చూడు. ఉప్పు తక్కువైతే నిన్నటి లెక్కనే మా వెంకటి బావను తిట్టు, మా కోడలికి వినబడేటట్టు తిట్టు. ఎక్కువైతే నల్లా ఇడిసేటోన్ని తిట్టు, నీళ్లు ఇడుస్తలేడని. నేను నీళ్లు పోసి సరిచేసుకుంట. నువ్వు రోజు ఎవరినో ఒకరిని తిట్టనే తిడ్తవు, ఎవరికి అనుమానం రాదు. కుదిరిందంటే మాత్రం ఎవరిని ఏమనకు. గిన్నె కడిగి గోడ మీద బోర్లిచ్చి పో."